ప్లేట్‌లెట్స్ గుంపు కట్టిన శాంపిల్ వస్తే ఏం చేయాలి?

మనిషి నడుచుకుంటూ వచ్చి రక్తం ఇచ్చి వెళ్లాడు. ఒంటి మీద ఒక్క ఎర్ర మచ్చ లేదు, చిగుళ్ల నుంచి రక్తం లేదు. సెల్ కౌంటర్ మాత్రం ప్లేట్‌లెట్స్ 42 వేలే అంటోంది, పక్కన ఒక ఫ్లాగ్ (హెచ్చరిక గుర్తు) కూడా వేసింది. "రిపీట్ చేశాను, మళ్లీ అంతే వచ్చింది. పంపేయొచ్చా?" అని ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడుగుతుంటారు. పంపకండి. అదే ట్యూబును పదిసార్లు రన్ చేసినా అదే తప్పు పదిసార్లు వస్తుంది. మీ దగ్గర స్మియర్ (స్లైడ్ మీద పలుచగా పరిచిన రక్తం) చూసిన రుజువు ఉండాలి, రిపీట్ ప్రింటవుట్ చాలదు.

ముఖ్యంగా డెంగీ సీజన్లో ఈ పొరపాటు ఖరీదైనది. ప్లేట్‌లెట్స్ అనే మాట వింటేనే ఇంటిల్లిపాదీ హడలిపోయి దాతల కోసం ఫోన్లు మొదలుపెడతారు. సీజన్ కానప్పుడు కూడా లేని జబ్బుకు స్టెరాయిడ్స్ మొదలవడం, ఎముక మజ్జ పరీక్ష దాకా వెళ్లడం, ఆపరేషన్ వాయిదా పడటం జరుగుతాయి.

కారణం గురించి ఇంత తెలిస్తే చాలు. రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో ఉండే ఈడీటీఏ రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అప్పుడు కొందరి ప్లేట్‌లెట్స్ పైపొరలోని ఒక ప్రోటీన్ ఆకారం మారి, మామూలుగా కనపడని భాగం బయటపడుతుంది. ఆ భాగాన్ని పట్టుకునే యాంటీబాడీలు వాళ్ల రక్తంలో ముందే ఉంటే ప్లేట్‌లెట్స్ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇదంతా ట్యూబులోనే, పేషెంట్ ఒంట్లో ఏమీ జరగదు. సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఇలా ఉంటుంది. కానీ మీ ల్యాబుకు వచ్చే క్లంప్స్‌ (గుంపులు) కేసుల్లో అందరూ ఆ వెయ్యిలో ఒకరు కారు. రక్తం తీయడం ఆలస్యమై, కలపడం మరిచిపోయి వచ్చే గుంపులే చాలా ఉంటాయి. ఈ రెండింటినీ విడదీయడమే అసలు పని.

దగ్గర ఉంచుకోవాల్సినవి

కొత్త ఈడీటీఏ ట్యూబ్ (పర్పుల్ మూత), 3.2 శాతం సోడియం సిట్రేట్ ట్యూబ్ (రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ పరీక్షకు మీరు వాడే నీలం మూత ట్యూబే), రెండు చెక్క పుల్లలు, శుభ్రమైన స్లైడ్లు, లీష్మన్ స్టెయిన్, 100ఎక్స్ ఆయిల్ ఇమ్మర్షన్ ఉన్న మైక్రోస్కోప్, 37 డిగ్రీల వాటర్ బాత్ లేదా ఇంక్యుబేటర్. చేత్తో లెక్కపెట్టాల్సి వస్తే 1 శాతం అమ్మోనియం ఆక్సలేట్, న్యూబార్ చాంబర్, 20 మైక్రోలీటర్ల పిపెట్, మూత ఉన్న పెట్రీ డిష్. సిట్రేట్ ట్యూబుల గడువు తేదీ చూడండి. పీటీలు తక్కువగా వచ్చే చిన్న ల్యాబుల్లో ఇవి డ్రాయర్లో ఏడాది పాటు మగ్గుతుంటాయి. గడువు దాటితే వాక్యూమ్ తగ్గి రక్తం సరిగ్గా నిండదు.

1. ముందు మెషీన్ ఏం చెబుతోందో చదవండి

అంకె ఒక్కటే చూసి వదలకండి, హిస్టోగ్రాం (కణాల సైజుల్ని చూపే గ్రాఫ్) చూడండి. ప్లేట్‌లెట్ గీత కుడివైపుకు వెళ్లేకొద్దీ కిందికి దిగి అడుగును తాకాలి. గుంపులుంటే ఆ గీత రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉండి, చివర గాల్లోనే ఆగిపోతుంది. ఎంపీవీ (ప్లేట్‌లెట్ సగటు సైజు), పీడీడబ్ల్యూ (ప్లేట్‌లెట్ సైజుల్లో తేడా) దగ్గర అంకెల బదులు గీతలు రావచ్చు. తెల్లకణాల్ని మూడు రకాలుగా విడదీసే త్రీ పార్ట్ మెషీన్ అయితే తెల్లకణాల హిస్టోగ్రాం ఎడమ చివర కూడా చూడండి. పెద్ద గుంపుల్ని మెషీన్ చిన్న తెల్లకణాలుగా లెక్కేస్తుంది, అక్కడ గీత మొదట్లోనే పైకి లేచి ఉంటుంది. అంటే ప్లేట్‌లెట్స్ తగ్గడంతో పాటు డబ్ల్యూబీసీ (తెల్లకణాల సంఖ్య) అబద్ధంగా పెరుగుతుంది. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు.

ఫ్లాగ్ రాకపోతే గుంపుల్లేవని కాదు. రెండు మూడు కణాల చిన్న గుంపులు ఫ్లాగ్ లేకుండానే దాటిపోతాయి. పాత రిపోర్టు ఉంటే పోల్చండి. నిన్న 2.4 లక్షలు ఉండి ఇవాళ 38 వేలు అయితే ముందు ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) కూడా చూడండి. ఒకే మనిషికి ఎంసీవీ ఒక్కరోజులో పెద్దగా మారదు. అది కూడా మారిందంటే గుంపుల సంగతి తర్వాత, శాంపిల్ తారుమారైందేమో ముందు తేల్చండి.

2. ట్యూబులో గడ్డ ఉందేమో చూడండి

మూత తీసి రెండు చెక్క పుల్లలతో అడుగు దాకా మెల్లగా తిప్పి పైకి తీయండి. దారంలా ఫైబ్రిన్ వేలాడినా, మిరియపు గింజంత గడ్డ తగిలినా ఆ ట్యూబు పని అయిపోయింది. అందులోంచి హిమోగ్లోబిన్ కూడా ఇవ్వకండి, మళ్లీ రక్తం తీయించండి. గడ్డ ఉన్న శాంపిల్ ఇప్పటికే రన్ చేసి ఉంటే, తర్వాతి పేషెంట్‌ది పెట్టేముందు ఒక రిన్స్, ఒక బ్లాంక్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్ కౌంట్ చూసుకోండి. అపర్చర్‌లో (కణాలు దాటే సన్నని రంధ్రంలో) ఇరుక్కున్న ముక్క తర్వాతి నాలుగు రిపోర్టుల్నీ పాడుచేస్తుంది.

3. స్మియర్ వేసి, ముందు టెయిల్ చూడండి

అందరూ తొందరపడేది ఇక్కడే. స్టెయిన్ చేసిన స్లైడ్‌ను నేరుగా 100ఎక్స్ కింద పెట్టి, మధ్యలో నాలుగు ఫీల్డులు చూసి "ప్లేట్‌లెట్స్ తక్కువగానే ఉన్నాయి" అని తేల్చేస్తారు. గుంపులు బరువుగా ఉండి స్లైడర్ లాక్కెళ్లినంత దూరం వెళ్తాయి, అంటే టెయిల్ (స్మియర్ పలుచబడి ముగిసే కొస) చివరకీ, రెండు అంచులకీ. మధ్యలో నిజంగానే తక్కువ కనపడతాయి. అందుకే మొదట 10ఎక్స్‌లో టెయిల్ అంతా, రెండు అంచులూ ఒకసారి తిరగండి. ఊదారంగు ఇసుక పోసినట్టు కనపడేవి గుంపులు. 40ఎక్స్‌కు మారి అవి నిజంగా ప్లేట్‌లెట్సేనా, స్టెయిన్ మడ్డా అని ఖాయం చేసుకోండి. స్టెయిన్ మడ్డి ముదురుగా, గరుకుగా, ఎర్రకణాల మీద వేరే ఫోకస్‌లో ఉంటుంది. ప్లేట్‌లెట్ గుంపులో ఒక్కో కణం అంచు, లోపలి గులాబీ రేణువులు విడివిడిగా తెలుస్తాయి.

తర్వాత 100ఎక్స్‌లో, ఎర్రకణాలు ఒకదానికొకటి కొద్దిగా తాకుతూ ఉన్న చోట 10 ఫీల్డులు లెక్కపెట్టి సగటు తీయండి. సగటును 15,000తో గుణిస్తే మైక్రోలీటర్‌కు సుమారు కౌంట్ వస్తుంది. సగటు 12 అయితే 1.8 లక్షలు. ఐపీస్ మారితే ఫీల్డ్ వెడల్పు మారుతుంది కాబట్టి ఈ 15,000 అందరి మైక్రోస్కోప్‌కూ సరిపోదు. ఒక ఖాళీ రోజున గుంపుల్లేని ఓ 30 మామూలు శాంపిల్స్ తీసుకుని, మెషీన్ కౌంట్‌ను మీ ఫీల్డు సగటుతో భాగించి, మీ మైక్రోస్కోప్‌కు సొంత గుణకం తేల్చుకుని గోడకు అంటించండి. గుంపులున్న స్లైడ్ మీద మాత్రం ఈ లెక్కను రిపోర్టు చేయకండి, ఎన్ని కణాలు గుంపుల్లోకి పోయాయో ఎవరికీ తెలియదు.

స్మియర్‌లో ఇంకో రెండు సంగతులు కనపడొచ్చు. న్యూట్రోఫిల్ చుట్టూ ప్లేట్‌లెట్స్ పూలదండలా అతుక్కుని ఉంటే అది శాటిలిటిజం. అదీ ఈడీటీఏ వల్లే, దానికీ ఇదే దారి. గుంపులు లేకుండా, దాదాపు ఎర్రకణమంత ప్లేట్‌లెట్స్ కనపడితే అవి జెయింట్ ప్లేట్‌లెట్స్. సిట్రేట్ ట్యూబు వాటికి పనికిరాదు. ఇంపిడెన్స్ మెషీన్ (కణాల్ని సైజును బట్టి లెక్కించేది) వాటిని ఎర్రకణాల కింద జమ కట్టేస్తుంది కాబట్టి ఆప్టికల్ లేదా ఫ్లోరసెంట్ మోడ్‌లో గానీ చేత్తో గానీ లెక్కించాలి.

వేలు గుచ్చి నేరుగా వేసిన స్మియర్‌లో గుంపులు కనపడటం సహజం, ఎందుకంటే అందులో గడ్డకట్టకుండా ఆపేది ఏదీ లేదు. దాన్ని చూసి "ఈడీటీఏ క్లంపింగ్" అని రాయకండి. ఆ స్లైడ్ ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది: ప్లేట్‌లెట్స్ ధారాళంగా ఉన్నాయా, లేవా?

గుంపులు అక్కడక్కడ ఉన్నా మెషీన్ కౌంట్ 2 లక్షలు దాటి ఉంటే అందరినీ మళ్లీ సూదికి పిలవక్కర్లేదు. అసలు కౌంట్ అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ మాట రిమార్కులో రాసి పంపండి.

4. మళ్లీ రక్తం తీయండి, ఈసారి మీరే దగ్గరుండి

ఇంటికి వెళ్లి తీసిన శాంపిల్ అయితే ఎలా వచ్చిందో అడగండి. నరం దొరక్క సూది అటూ ఇటూ తిప్పారా? సిరంజిలో రెండు నిమిషాలు ఉంచి తర్వాత ట్యూబులో పోశారా? ఐస్ ప్యాక్‌కు ఆనించి తెచ్చారా? వీటిలో ఏదైనా ప్లేట్‌లెట్స్‌ను రెచ్చగొడుతుంది. చంటిపిల్లల మడమ పిండి పిండి తీసిన రక్తం కూడా అంతే.

ఈసారి టోర్నికెట్ ఒక నిమిషం లోపే ఉంచండి. మంచి నరం ఎంచుకుని ఒకే పోటుతో తీయండి. ముందు సిట్రేట్ ట్యూబు, తర్వాత ఈడీటీఏ. ఈ వరస తప్పకూడదు. బటర్‌ఫ్లై సూది వాడితే గొట్టంలోని గాలి మొదటి ట్యూబులోకి పోయి సిట్రేట్ సగమే నిండుతుంది. అందుకే ముందు ఒక పారేసే ట్యూబు పెట్టి గాలి తీసేయండి. సిట్రేట్‌ను మూడు నాలుగు సార్లు, ఈడీటీఏను ఎనిమిది నుంచి పదిసార్లు మెల్లగా తలకిందులు చేయండి. కుదపొద్దు. ట్యూబు మీద తీసిన టైం రాయండి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

పాత ఈడీటీఏ ట్యూబులోని రక్తాన్ని సిట్రేట్ ట్యూబులోకి ఒంపడం చాలా చోట్ల చూస్తుంటాం. పేషెంట్‌ను మళ్లీ పిలవడం ఇబ్బందని చేసే పని ఇది. గుంపులు అప్పటికే కట్టేశాయి, ఈడీటీఏ కూడా ఆ రక్తంతోనే వెళ్లింది. దానివల్ల ప్రయోజనం సున్నా.

5. రెండు ట్యూబులూ రన్ చేసి, సిట్రేట్‌ను 1.1తో గుణించండి

కొత్త ఈడీటీఏ ట్యూబును తీసిన రెండు మూడు నిమిషాల్లో ఒకసారి, అరగంటకు ఒకసారి, గంటకు ఒకసారి రన్ చేయండి. కౌంట్ మెట్లు దిగినట్టు తగ్గుతూ వస్తుంటే, సిట్రేట్‌లో నిలకడగా ఉంటే అది ఈడీటీఏ మీద ఆధారపడిన క్లంపింగే. కొత్త ఈడీటీఏలో గంట తర్వాత కూడా గుంపులు లేకుంటే మొదటిసారి రక్తం తీయడంలోనే తేడా జరిగింది. అప్పుడు కొత్త ఈడీటీఏ కౌంటే రిపోర్టు, సిట్రేట్‌తో పనిలేదు.

సిట్రేట్ ట్యూబులో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు ద్రవం ఉంటుంది: 1.8 మి.లీ. రక్తానికి 0.2, లేదా 2.7కి 0.3. అందుకే 1.1తో గుణకారం. మెషీన్ 1.48 లక్షలు చూపిస్తే రిపోర్టు 1.63 లక్షలు. ఈ గుణకారం గీత దాకా నిండిన ట్యూబుకే చెల్లుతుంది. 0.3 మి.లీ. సిట్రేట్ ఉన్న ట్యూబులో 1 మి.లీ. రక్తమే పడితే పలుచన 1.3 రెట్లు అవుతుంది. మీరు 1.1తో గుణిస్తే కౌంట్ తక్కువగా వెళ్తుంది.

సరిగ్గా నిండిందో లేదో కంటితో తేలకపోతే హిమోగ్లోబిన్ సాయం తీసుకోండి. గుంపులు హిమోగ్లోబిన్‌ను మార్చవు. ఈడీటీఏలో 13.2, సిట్రేట్‌లో 12.0 వస్తే నిష్పత్తి సరిగ్గా 1.1. ట్యూబు బాగా నిండినట్టే. ఆ నిష్పత్తి 1.25 లాగా వస్తే ట్యూబు నిండలేదు, మళ్లీ తీయాలి. ఖర్చు లేని పరీక్ష ఇది, అయినా చేసేవాళ్లు తక్కువ.

సిట్రేట్ శాంపిల్‌ను గంటలోపు ముగించండి, ఆలస్యమైతే అందులోనూ కౌంట్ తగ్గుతుంది. సిట్రేట్ ట్యూబు నుంచి కూడా ఒక స్మియర్ వేసి టెయిల్ చూడాలి. ఈ స్లైడ్ చూడకుండా సిట్రేట్ అంకెను పంపితే, ఒక తప్పు అంకె స్థానంలో ఇంకో తప్పు అంకె పంపే ప్రమాదం ఉంది.

6. సిట్రేట్‌లోనూ గుంపులే ఉంటే

కొందరికి ఉంటాయి. అప్పుడు ఈ మార్గాలు, తేలికైనది ముందు:

వెచ్చబెట్టడం. ట్యూబును ముందుగానే 37 డిగ్రీలకు తెచ్చి, రక్తం తీసి, అదే వేడిలో ఉంచి వెంటనే రన్ చేయండి. చల్లదనంలో పనిచేసే యాంటీబాడీలైతే గుంపులు తగ్గుతాయి, అందరిలోనూ తగ్గవు. వేడి నీళ్ల గ్లాసులో ముంచడం లాంటివి వద్దు. 50 డిగ్రీల దగ్గర ఎర్రకణాలు ముక్కలైపోతాయి, ఆ ముక్కల్ని మెషీన్ ప్లేట్‌లెట్స్ అనుకుంటుంది. అంకె బ్రహ్మాండంగా పెరుగుతుంది, మీరు గెలిచామనుకుంటారు.

చేత్తో లెక్కించడం. వేలు గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, ధారాళంగా వచ్చిన రక్తం 20 మైక్రోలీటర్లు తీసుకుని నేరుగా 1.98 మి.లీ. అమ్మోనియం ఆక్సలేట్‌లో కలపండి. ఇది వందో వంతు పలుచన. 10 నుంచి 15 నిమిషాలు కలిపితే ఎర్రకణాలు కరిగిపోతాయి. న్యూబార్ చాంబర్ నింపి, తడి కాగితం పెట్టిన పెట్రీ డిష్‌లో మూతపెట్టి 20 నిమిషాలు ఉంచండి, ప్లేట్‌లెట్స్ అడుక్కు దిగుతాయి. 40ఎక్స్‌లో, కండెన్సర్ దించి, మధ్య పెద్ద గడిలోని 25 గళ్లూ లెక్కపెట్టండి. వచ్చిన సంఖ్యకు వెయ్యి రెట్లే మైక్రోలీటర్‌కు కౌంట్. 142 వస్తే 1.42 లక్షలు. చాంబర్ రెండు వైపులా లెక్కించండి, రెంటికీ పెద్ద తేడా వస్తే మళ్లీ నింపండి. ద్రావణాన్ని ముందు వడకట్టకపోతే దుమ్ము కూడా ప్లేట్‌లెట్‌లాగే మెరుస్తుంది. రక్తం కలపని ద్రావణాన్ని ఒకసారి చాంబర్లో చూస్తే ఆ అనుమానం తీరుతుంది. ఇక్కడా గుంపులు కనపడితే లెక్క ఆపేయండి.

మెగ్నీషియం సల్ఫేట్ ట్యూబులు, సీటాడ్ ట్యూబులు (సిట్రేట్‌తో పాటు ప్లేట్‌లెట్స్‌ను రెచ్చిపోకుండా ఆపే మందులు ఉన్నవి) దొరికే ల్యాబులు వాటిని వాడొచ్చు. అమికాసిన్, కనామైసిన్ లాంటి యాంటీబయాటిక్ కలిపితే గుంపులు విడిపోతాయని ప్రచురితమైన పద్ధతులున్నాయి. మీ ల్యాబులో సరిచూసి రాతపూర్వకంగా ఆమోదించుకోకుండా ఇంజెక్షన్ వయల్ తెచ్చి ట్యూబులో కలపకండి. వోర్టెక్స్ (ట్యూబును వేగంగా కుదిపే పరికరం) మీద పెట్టి గుంపులు విడగొట్టడం కూడా అంతే, ఒకరికి పనిచేస్తుంది, మరొకరికి చేయదు. చేసినా తర్వాత స్మియర్ చూడక తప్పదు. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు జోలికి పోవద్దు, హెపారిన్ వల్లే గుంపులు కట్టొచ్చు, స్లైడ్ నేపథ్యం కూడా నీలంగా వస్తుంది.

ఏదీ పనిచేయకపోతే అంకె ఇవ్వకండి. "గుంపులుగా ఉన్నాయి, స్మియర్‌లో సరిపడా కనపడుతున్నాయి" అనో, "తగ్గినట్టు కనపడుతున్నాయి" అనో పాథాలజిస్ట్ సంతకంతో వెళ్లాలి. డాక్టరుకు తప్పుడు అంకె కన్నా ఈ వాక్యం ఎక్కువ పనికొస్తుంది.

7. రిపోర్టులో ఏది ఏ ట్యూబు నుంచి

సిట్రేట్ నుంచి ప్లేట్‌లెట్ కౌంట్ ఒక్కటే తీసుకోండి. హిమోగ్లోబిన్, ఆర్‌బీసీ, ఎంసీవీ, మిగతావన్నీ ఈడీటీఏ నుంచే. సిట్రేట్ నుంచి ఎంపీవీ ఇవ్వకండి. డబ్ల్యూబీసీ విషయంలో మాత్రం ఆగాలి. గుంపులు అందులో కలిశాయని హిస్టోగ్రాం చెబితే ఈడీటీఏ అంకె నమ్మదగింది కాదు. సిట్రేట్‌లో గుంపులు పూర్తిగా పోతే ఆ డబ్ల్యూబీసీని 1.1తో గుణించి స్మియర్‌తో పోల్చండి. లేదా టర్క్స్ ద్రావణం (ఎర్రకణాల్ని కరిగించేది) 0.38 మి.లీ.లో 20 మైక్రోలీటర్ల రక్తం కలిపి, చాంబర్ నాలుగు మూలల గళ్లు లెక్కపెట్టి 50తో గుణించండి.

రిమార్కులో మూడు సంగతులు ఉండాలి: ఈడీటీఏ స్మియర్‌లో గుంపులు కనిపించాయని, ఇచ్చిన కౌంట్ సిట్రేట్ శాంపిల్‌ది, పలుచనకు సరిచేసిందని, ఇకముందు కూడా సిట్రేట్‌లో చేయించుకోమని. మొదటి 42 వేల అంకెను రిపోర్టులో ఉంచకండి, వాట్సాప్‌లో ఫొటోగా వెళ్లేది ఆ అంకే. అది అప్పటికే వార్డుకు ఫోన్లో చెప్పి ఉంటే వెంటనే మళ్లీ ఫోన్ చేసి వెనక్కి తీసుకోండి, ఎవరితో మాట్లాడారో, ఎన్ని గంటలకో రిజిస్టర్లో రాయండి.

పంపేముందు సరిచూసుకోండి

సరిచేసిన కౌంట్‌కూ, సిట్రేట్ స్మియర్‌లో మీ కంటికి కనపడేదానికీ పొంతన ఉందా? మెషీన్ 1.6 లక్షలు అంటూ ఫీల్డుకు మూడే కనపడితే ఎక్కడో తేడా ఉంది. ఎంసీవీ 60 లోపు ఉన్న పేషెంట్లో, ఉదాహరణకు తలసీమియాలో, మరీ చిన్న ఎర్రకణాలు ప్లేట్‌లెట్స్‌గా లెక్కలోకి వచ్చి ఉండొచ్చు. గుంపులు తగ్గించిందీ, ఎర్రకణాలు పెంచిందీ కలిసి అంకె మామూలుగా కనపడే కేసులు ఇవే.

జ్వరం పేషెంట్లో గుంపులు కనపడగానే "అయితే ప్లేట్‌లెట్స్ బాగానే ఉన్నాయి" అనుకోవడం రెండో వైపు పొరపాటు. డెంగీలో నిజంగా 60 వేలకు పడిపోయిన మనిషి రక్తం కూడా సరిగ్గా తీయకపోతే గుంపు కడుతుంది, మెషీన్ 25 వేలు చూపిస్తుంది. తగ్గడమూ నిజమే, గుంపులూ నిజమే. మళ్లీ తీసిన శాంపిల్‌తోనే అది తేలుతుంది. ఈలోగా వార్డుకు "గుంపులున్నాయి, అరగంటలో సరైన కౌంట్ ఇస్తాం" అని చెప్పి పెట్టండి.

ఈడీటీఏ క్లంపింగ్ ఖాయమైన పేషెంట్‌కు ఒక చీటీ రాసివ్వండి: "సీబీపీ (రక్తకణాల లెక్క) పరీక్షకు వెళ్లినప్పుడు నీలం మూత ట్యూబులో కూడా రక్తం తీయమని చెప్పండి." మీ సాఫ్ట్‌వేర్లో ఆ పేరు పక్కన గుర్తు పెట్టండి, నైట్ డ్యూటీలో ఉన్నవాళ్లకు అది కనపడాలి.